ఒక అర్జీ, రెండు గదులు

ఆ అర్జీ ఒకటిన్నర పేజీ ఉంటుంది. నోటుపుస్తకంలోంచి చింపిన గీతల కాగితం మీద, తెలుగులో, గుండ్రని అక్షరాలతో రాసింది. రాసిన అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న దళిత విద్యార్థిని. సాంఘిక సంక్షేమ వసతిగృహంలో ఉండేది. రికార్డు దిద్దే నెపంతో ఒక అధ్యాపకుడు తనను పదేపదే ప్రయోగశాలకు ఒంటరిగా పిలిపించుకున్నాడనీ, చేయి పట్టుకున్నాడనీ మొదటి పేజీలో రాసింది. విడిపించుకుని వెనక్కి జరిగినప్పుడు తన కులాన్నీ తన హాస్టల్‌నూ ఎత్తి అతడు అన్న మాటలను తర్వాతి అరపేజీలో రాసింది. ఆ కళాశాల అంతర్గత ఫిర్యాదుల కమిటీలో నేను సభ్యురాలిని. ఊరు పేరు, కళాశాల పేరు, సంవత్సరం చెప్పను. గోప్యత పాటించాలని చట్టమే చెబుతోంది. అంతకు మించి, ఆ అమ్మాయి మరోసారి పదిమంది నోళ్లలో నానకూడదన్నది నా కోరిక.

కమిటీ సమావేశం ప్రిన్సిపాల్ గది పక్కనే జరిగింది. అధ్యక్షురాలు అర్జీ చదివి, పేజీ తిప్పి, కళ్లద్దాలు తీసి, "మన పరిధిలోకి వచ్చేది మొదటి పేజీ. రెండోది ఎస్సీ, ఎస్టీ సెల్ చూసుకోవాలి" అన్నారు. మేమెవరం కాదనలేదు. ఎస్సీ, ఎస్టీ సెల్ కన్వీనర్ దళితుడే, మంచి మనిషి. ఆయన అదే కాగితం చదివి, "ఇది ఆడపిల్లల వ్యవహారం మేడమ్. మేం చూసేది స్కాలర్‌షిప్‌లు, రిజర్వేషన్ల లెక్కలు. మహిళల కమిటీ ఉండగా మేం తలదూర్చితే బాగుండదు" అన్నారు. చివరికి ఆఫీసు సూపరింటెండెంట్ ఒక మార్గం చెప్పాడు. అర్జీని రెండుగా రాయించి, ఒక్కో గదికి ఒక్కో కాగితం పంపాలి. ఆ సంగతి అమ్మాయికి చెప్పి రాయించే పని నాకు అప్పగించారు. తెలుగు చెప్పేదాన్ని కదా, అర్జీ రాయించడం నాకు తెలిసిన విద్య అనుకున్నారు కాబోలు.

ఆమె చాలాసేపు ఆ కాగితం వైపే చూసింది. "ఎక్కడ విడగొట్టాలో మీరే చెప్పండి మేడమ్" అంది. నేను చెప్పాను. చెప్పగలిగాను. ఇప్పటికీ నన్ను వదలని సంగతి అదే.

రెండుగా విడిపోయాక ఆ అర్జీలో ప్రాణం పోయింది. కులం ఊసు లేని మొదటి కాగితం చదివినవారికి, రికార్డు దిద్దేటప్పుడు చేయి తగిలిందేమో, పిల్ల అపార్థం చేసుకుందేమో అనిపించింది. చేయి పట్టుకున్న ఊసు లేని రెండో కాగితం చదివినవారికి, చదవని పిల్లను మందలిస్తూ మాస్టారు నోరు జారాడనిపించింది. ఆ అమ్మాయినే ఎందుకు ఎంచుకున్నాడో, అడిగేవారు లేరన్న ధీమా అతడికి ఎక్కడినుంచి వచ్చిందో, కాదన్న మరుక్షణం అతడి నోటికి కులమే ఎందుకు వచ్చిందో, ఈ ప్రశ్నలు ఏ గదికీ చేరలేదు. రెండు గదులూ "తగిన ఆధారాలు లేవు" అని రాశాయి. మార్కెట్ యార్డులో హమాలీగా పనిచేసే తండ్రిని పిలిపించారు. ఆయన తువ్వాలు చేతపట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. ముల్లు ఆకు మీద పడ్డా ఆకు ముల్లు మీద పడ్డా చిరిగేది ఆకేనన్న సామెత ఆయనకు చెప్పారు. అధ్యాపకుణ్ణి మరో సెక్షన్‌కు మార్చారు. అమ్మాయి ప్రాక్టికల్స్‌కు రావడం మానేసింది. సంవత్సరం చివర టీసీ తీసుకుని వెళ్లిపోయింది. మా నివేదిక మీద ఐదో సంతకం నాది.

నేను చేనేత కుటుంబంలో పుట్టినదాన్ని. బీసీ రిజర్వేషన్‌తో ఉద్యోగం వచ్చినప్పుడు స్టాఫ్ రూమ్‌లో విన్న మాటలు మరచిపోలేదు. అయినా ఆ రోజు ఆ అర్జీని మొత్తంగా వినలేకపోయాను. ఆ గదిలో కూర్చున్నవారెవరూ దుర్మార్గులు కారు. ఎవరికి వారు తమ పరిధి ఏమిటో నిజాయితీగానే చూసుకున్నారు. ఆ పరిధులను గీసిన తీరులోనే అన్యాయం ఉంది. మన కళాశాలల్లో స్త్రీకి ఒక గది, కులానికి ఒక గది ఉన్నాయి. దళిత, ఆదివాసీ, బహుజన విద్యార్థినికి గది లేదు. ఆమె తనను తాను రెండుగా కోసుకుని రెండు గుమ్మాల ముందు నిలబడాలి. ఇది ఒక కళాశాల లోపం కాదు, ఈ ఏర్పాటు పుట్టుకలోనే ఉన్న లోపం.

ఆ పుట్టుక రాజస్థాన్‌లోని భటేరీ గ్రామంలో ఉంది. భన్వరీ దేవి కుమ్మరి కులస్థురాలు. రాష్ట్ర ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమంలో 'సాథిన్'గా పనిచేస్తూ, ఊళ్లో పలుకుబడి గల గుజ్జర్ కుటుంబంలో జరగబోయిన బాల్యవివాహాన్ని ఆపడానికి ప్రయత్నించింది. అందుకు ప్రతీకారంగా 1992 సెప్టెంబర్‌లో ఆమెపై సామూహిక అత్యాచారం జరిగింది. 1995లో జైపూర్ సెషన్స్ కోర్టు నిందితులను అత్యాచార ఆరోపణ నుంచి విముక్తులను చేసింది. నిందితుల కులమూ వయసూ వారి నిర్దోషిత్వానికి సాక్ష్యాలుగా చెల్లాయని మహిళా సంఘాలు ఆనాడే నిలదీశాయి. ఆ పోరాటం నుంచే విశాఖ కేసు వచ్చింది. 1997 ఆగస్టు 13న సుప్రీంకోర్టు పనిచేసే చోట లైంగిక వేధింపులను అడ్డుకోవడానికి మార్గదర్శకాలు ప్రకటించింది. దేశంలో ఇవాళ ప్రతి కళాశాలలో ఉన్న, ఉండవలసిన కమిటీకి మూలం అదే.

అయితే ఆ తీర్పు తెరిచి చూస్తే భన్వరీ పేరు లేదు, ఆమె కులం లేదు. రాజస్థాన్‌లోని ఒక గ్రామంలో ఒక సామాజిక కార్యకర్తపై జరిగిన ఘటన అన్న ప్రస్తావన మాత్రమే ఉంది. కింది కులం స్త్రీ పై కులం పెళ్లిని ఆపబోయినందుకు పడిన శిక్ష, న్యాయశాస్త్రంలోకి వచ్చేసరికి 'మహిళా ఉద్యోగి సమస్య' అయింది. ఆ మార్గదర్శకాల వల్ల లక్షలాది స్త్రీలకు మేలు జరిగిందనడంలో సందేహం లేదు. కాని కులం అక్కడే జారిపోయింది. మా కళాశాలలో అర్జీ రెండో పేజీ పక్కకు వెళ్లడానికి దారి ఆనాడే పడింది.

మార్గదర్శకాలు చట్టంగా మారడానికి పదహారేళ్లు పట్టింది. 2013లో పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధక చట్టం వచ్చింది. విశ్వవిద్యాలయాలకూ కళాశాలలకూ వర్తించేలా యూజీసీ 2015 నిబంధనలను రూపొందించి 2016 మేలో గెజిట్‌లో ప్రకటించింది. చదివితే ఇవి మంచి నిబంధనలే. కమిటీకి సీనియర్ మహిళా అధ్యాపకురాలు అధ్యక్షత వహించాలి. ఇద్దరు అధ్యాపకులు, ఇద్దరు బోధనేతర ఉద్యోగులు, ఒక బయటి సభ్యులు ఉండాలి. విద్యార్థులకు సంబంధించిన ఫిర్యాదు అయితే పారదర్శకంగా ఎన్నికైన ముగ్గురు విద్యార్థులు కూడా కూర్చోవాలి. సభ్యుల్లో సగానికి తగ్గకుండా స్త్రీలు ఉండాలి. వైస్ చాన్సలర్, రిజిస్ట్రార్, డీన్, విభాగాధిపతి వంటి అధికార పదవుల్లో ఉన్నవారు సభ్యులుగా ఉండరాదు. ఘటన జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు చేయాలి. తగిన కారణం ఉంటే మరో మూడు నెలలు పొడిగించవచ్చు. తొంభై రోజుల్లో విచారణ ముగించాలి. విచారణ సాగుతుండగా ఆరోపణ ఎదుర్కొంటున్న వ్యక్తి ఆమె పేపర్లు దిద్దకుండా, మార్కులు వేయకుండా ఆపే అధికారం కూడా ఉంది.

కులం, వర్గం, ప్రాంతం, మైనారిటీ గుర్తింపు, వైకల్యం వంటివి వేధింపుల ముప్పును మరింత పెంచుతాయన్న ఎరుక కూడా ఆ నిబంధనల్లో ఉంది. కాని ఆ ఎరుక పీఠికా వాక్యంగానే మిగిలింది. కమిటీ కూర్పు దగ్గరకు వచ్చేసరికి దళిత, ఆదివాసీ, వెనుకబడిన వర్గాల సభ్యురాలు ఒక్కరైనా ఉండి తీరాలన్న నియమం ఎక్కడా లేదు.

అలాంటి నియమం రాయడం మన శాసనకర్తలకు తెలియదా? తెలుసు. అదే 2013 చట్టం జిల్లా స్థాయిలో ఏర్పాటయ్యే స్థానిక కమిటీ గురించి చెబుతూ, నామినేట్ అయ్యే సభ్యుల్లో కనీసం ఒకరు ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ లేదా మైనారిటీ వర్గానికి చెందిన స్త్రీ అయి ఉండాలని స్పష్టంగా రాసింది. అంటే ఇళ్లలో, చిన్న దుకాణాల్లో పనిచేసే స్త్రీ ఫిర్యాదు వినేచోట కులం గుర్తుకు వచ్చింది. కార్యాలయంలో, కళాశాలలో గుర్తుకు రాలేదు. చదువుకున్నవారి మధ్య కులం ఉండదన్న పాత భ్రమ చట్టంలోకి చొరబడిందనడానికి ఇంతకన్నా రుజువు ఏముంటుంది? ఇక 2023లో యూజీసీ తెచ్చిన విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార నిబంధనలు చూడండి. అడ్మిషన్లు, ఫీజులు, సర్టిఫికెట్లు, పరీక్షల వంటి ఫిర్యాదులు వినే కమిటీలో ఒక స్త్రీ, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ వర్గాల నుంచి ఒకరు తప్పనిసరి. మార్కుల మెమో ఆలస్యమైతే వినడానికి కులం తెలిసిన మనిషి కావాలి కాని, దళిత బాలిక చేయి పట్టుకున్న ఫిర్యాదు వినడానికి అక్కరలేదా?

కుల వివక్షకు వేరే దారి ఉంది. 2012 నాటి యూజీసీ సమతా నిబంధనల ప్రకారం సమాన అవకాశాల కేంద్రం, వివక్ష నిరోధక అధికారి ఉండాలి. ఆ నిబంధనల్లో వివక్షకు కారణాలుగా కులమూ ఉంది, లింగమూ ఉంది. అయినా ఆచరణలో ఈ రెండు దారులూ ఎక్కడా కలవవు. ఒకదాని ఫైలు మరొకదానికి తెలియదు. ఉమ్మడిగా కూర్చోవడానికి విధానం లేదు.

ఇక ఆచరణలో జరిగేది ముప్పై ఏళ్ల ఉద్యోగ జీవితంలో నేను చూసిన మేరకు చెబుతాను. కమిటీ సభ్యులను నియమించేది యాజమాన్యమే. 'వివాదాలు లేనివారు' కావాలని వెతుకుతారు. అంటే ప్రశ్నించనివారు. బయటి సభ్యురాలు చాలాసార్లు యాజమాన్యానికి తెలిసిన మనిషే అవుతారు. విద్యార్థి సభ్యుల ఎన్నిక జరిగినట్టు కాగితం ఉంటుంది, ఎన్నిక ఉండదు. 1999లో ఢిల్లీ జేఎన్‌యూలో ఏర్పడిన కమిటీలో విద్యార్థుల, అధ్యాపకుల, ఉద్యోగుల ప్రతినిధులు ఎన్నికలో గెలిచి వచ్చేవారు. 2017లో దాన్ని రద్దు చేసి నియామకాల కమిటీని తెచ్చారు. ఎన్నికైన కమిటీకీ నియమించిన కమిటీకీ ఉన్న తేడా ఫిర్యాదు చేయడానికి వచ్చే అమ్మాయి గుమ్మంలోనే కనిపెడుతుంది.

రెండోది భాష. అమ్మాయి తన మాటల్లో చెబుతుంది. మినిట్స్ ఇంగ్లీషులో రాస్తారు. "నా కులం పేరు పెట్టి తిట్టాడు" అన్నది ఇంగ్లీషులోకి వెళ్లేసరికి "అసభ్య పదజాలం వాడాడు" అన్న అర్థం మిగులుతుంది. కింద ఆమె సంతకం ఉంటుంది. రేపు పోలీసు స్టేషన్‌లోనైనా కోర్టులోనైనా ఆ కాగితమే ఆమెకు ఎదురు నిలుస్తుంది. అత్యాచారాల నిరోధక చట్టం కింద అన్న మాట ఏమిటన్నదే కీలకం. ఆ మాటే చెరిగిపోతుంది.

మూడోది సాక్ష్యం. హాస్టల్ పిల్లకు సాక్షులెవరు? మరో ఇద్దరు హాస్టల్ పిల్లలు. వాళ్లకు హాజరు తగ్గితే స్కాలర్‌షిప్ ఆగుతుంది. ఇంటర్నల్ మార్కులు అధ్యాపకుల చేతిలో ఉంటాయి. ఊళ్లో చిన్న కబురు వినిపిస్తే చదువు మాన్పించి పెళ్లి చేయడానికి ఇంటివాళ్లు సిద్ధంగా ఉంటారు. పరిశోధక విద్యార్థిని పరిస్థితి ఇంకా ఇరుకు. గైడ్ సంతకం లేనిదే ఫెలోషిప్ రాదు, థీసిస్ కదలదు. ఉన్నవారి పిల్ల ఫిర్యాదు చేస్తే తండ్రి వకీలుతో వస్తాడు. ఈ పిల్ల తండ్రి తువ్వాలు చేతపట్టుకుని గుమ్మం దగ్గర నిలబడతాడు. ఈ తేడాను లెక్కలోకి తీసుకోని కమిటీ 'ఇరుపక్షాలనూ సమానంగా చూశాం' అని రాసుకుంటే అది సమానత్వం అవుతుందా?

నాలుగోది రాజీ. చట్టంలో రాజీకి చోటుంది గాని, అది ఫిర్యాదు చేసిన స్త్రీ కోరితేనే. డబ్బు ఇచ్చి రాజీ చేయరాదు. మన దగ్గర రాజీని కోరేది యాజమాన్యం. రాజీ ఎంత దూరం వెళ్తుందో తెలియాలంటే రాజస్థాన్‌లోని నోఖాను గుర్తు చేసుకోవాలి. 2016 మార్చిలో అక్కడి ఉపాధ్యాయ శిక్షణ కళాశాల హాస్టల్‌లో పదిహేడేళ్ల దళిత విద్యార్థిని మృతదేహం నీళ్ల ట్యాంకులో దొరికింది. అంతకు ముందు, పోలీసులకు చెప్పవలసింది పోయి, ఇద్దరి ఇష్టంతోనే జరిగిందన్నట్టు కాగితం రాయించుకున్నారని కుటుంబం ఆరోపించింది. 2021లో ప్రత్యేక కోర్టు వ్యాయామ శిక్షకుడికి జీవితఖైదు విధించింది. హాస్టల్ వార్డెన్‌నూ ఆమె భర్తనూ కూడా శిక్షించింది. ఆ వార్డెన్ ఒక స్త్రీ.

ఈ సందర్భంలో మన ఇంటర్మీడియట్ కళాశాలల గురించి ఒక మాట. అక్కడ చదివే పిల్లల్లో ఎక్కువమందికి పద్దెనిమిదేళ్లు నిండవు. వారి విషయంలో 2012 నాటి పోక్సో చట్టం వర్తిస్తుంది. తెలిసిన నేరాన్ని పోలీసులకు చెప్పకపోవడమే ఆ చట్టం కింద నేరం. ప్రిన్సిపాల్ గదిలో తల్లిదండ్రులను కూర్చోబెట్టి 'పిల్ల భవిష్యత్తు' పేరుతో చేసే రాజీలకు చట్టంలో ఏమాత్రం చోటు లేదు.

ఐదోది దాచిపెట్టడం. 2015లో సవరించి, 2016 జనవరి 26 నుంచి అమలులోకి వచ్చిన అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం, ఎస్సీ, ఎస్టీ స్త్రీ అని తెలిసి ఆమె సమ్మతి లేకుండా లైంగిక ఉద్దేశంతో తాకడం, లైంగిక స్వభావం గల మాటలనడం, సైగలు చేయడం ప్రత్యేక నేరాలు. 2013 చట్టం కూడా, బాధితురాలు కోరితే భారత శిక్షాస్మృతి కిందనైనా మరే ఇతర చట్టం కిందనైనా ఫిర్యాదు చేయడానికి యాజమాన్యం సహాయం చేయాలని విధించింది. 'మరే ఇతర చట్టం' అన్న మాటలో అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. మా కమిటీలో ఆ అమ్మాయికి ఈ సంగతి చెప్పినవారు లేరు. నాకే తెలియదు. తెలియకపోవడం ఆనాడు నాకు సాకుగా పనికొచ్చింది. ఇవాళ పనికిరాదు.

కమిటీలో స్త్రీలు ఉంటే చాలదా అని అడిగేవారున్నారు. 2019 మేలో ముంబైలో ఆత్మహత్య చేసుకున్న ఆదివాసీ వైద్యురాలు పాయల్ తడ్వీని గుర్తు చేసుకుందాం. ఆమెను కులం పేరుతో వేధించారన్న అభియోగం ఎదుర్కొన్నది ముగ్గురు సీనియర్ మహిళా వైద్యులు. అదే ఏడాది పాయల్ తల్లి, రోహిత్ వేముల తల్లి కలిసి ఉన్నత విద్యాసంస్థల్లో కుల వివక్షను అరికట్టాలని సుప్రీంకోర్టును ఆశ్రయించారు. స్త్రీ అయినంత మాత్రాన కులం వినిపించదు. దళితుడైనంత మాత్రాన స్త్రీ గోడు వినిపించదు. మా ఎస్సీ, ఎస్టీ సెల్ కన్వీనర్, మా కమిటీ అధ్యక్షురాలు, నేను, ముగ్గురమూ దీనికి సాక్షులం.

ఈ ముడిని న్యాయస్థానాలు గుర్తించడానికి చాలా కాలం పట్టింది. 1976లో అమెరికాలో జనరల్ మోటార్స్ మీద నల్లజాతి స్త్రీలు వేసిన దావా వీగిపోయింది. కంపెనీలో స్త్రీలు ఉన్నారు, నల్లవారూ ఉన్నారు కనుక రెండు వివక్షలను కలిపి కొత్త హక్కు అడగడం కుదరదన్నది కోర్టు. ఆ స్త్రీలు తెల్లవారు, ఆ నల్లవారు మగవారు అన్న సంగతి ఎవరికీ పట్టలేదు. ఆ కేసును విశ్లేషిస్తూ 1989లో నల్లజాతి న్యాయశాస్త్రవేత్త కింబర్లే క్రెన్షా, అణచివేతలు ఒకదానినొకటి ఖండించుకునే కూడలి దగ్గర నిలబడిన స్త్రీ ఎవరి లెక్కలోకీ రాదని వివరించారు. 2021 ఏప్రిల్‌లో మన సుప్రీంకోర్టు ఆ ఆలోచనను చర్చించింది. ఆ కేసు ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లింది. బాధితురాలు పుట్టుకతోనే చూపులేని దళిత యువతి. కులం, లింగం, వైకల్యం మూడూ కలిసి ఆమె జీవితాన్ని ఎలా నిర్ణయించాయో కోర్టు వివరంగా రాసింది. అత్యాచారానికి జీవితఖైదును ఖరారు చేసింది. కాని కులం కారణంగానే నేరం జరిగిందనడానికి విడిగా రుజువు లేదంటూ, నేరం జరిగిన నాటికి ఉన్న పాత సెక్షన్ ప్రకారం, అత్యాచారాల నిరోధక చట్టం కింద పడిన శిక్షను కొట్టివేసింది. కలిసి ఉన్నాయని ఒప్పుకున్నవాటినే విడదీసి రుజువు చేయమనడం అక్కడా తప్పలేదు. 2015 సవరణ ఆ సెక్షన్‌లో 'కులం కారణంగా' అన్న మాటను తీసి, కులం 'తెలిసి' అని మార్చింది. ఆ సవరణ విలువ ఎంతటిదో ఈ ఒక్క కేసు చూస్తే తెలుస్తుంది.

'ప్రతిదానిలోకీ కులాన్ని లాగుతారేమిటి' అన్న మాట ఈ వ్యాసానికి కూడా వస్తుంది. మా కళాశాలలో కులాన్ని లాగింది ఆ అమ్మాయి కాదు, అధ్యాపకుడి నోరు. విన్నది విన్నట్టు రాయమన్నదే ఆమె అడిగింది.

దీనికి మరో పార్శ్వం ఉంది. అది చెప్పకపోతే నా మాట సగమే అవుతుంది. ఆరోపణ ఎదుర్కొంటున్నవాడు దళితుడైన కాంట్రాక్టు అధ్యాపకుడైతే ఇదే వ్యవస్థ చురుగ్గా కదలడం కూడా చూశాను. నోటీసు లేదు, జవాబు చెప్పుకోవడానికి గడువు లేదు, వారం తిరగకముందే ఇంటికి పంపారు. అతడు తప్పు చేశాడో లేదో నేను చెప్పడం లేదు. అక్కడ విచారణ జరగలేదని మాత్రం చెప్పగలను. 2023 మేలో గోవా విశ్వవిద్యాలయ ఆచార్యుడి కేసులో సుప్రీంకోర్టు, తొందరపాటుతో సహజ న్యాయసూత్రాలను పక్కనపెట్టిన విచారణను రద్దు చేసి మళ్లీ మొదలుపెట్టమంది. విద్యార్థినులు ఫిర్యాదు చేసింది 2009లో. పద్నాలుగేళ్ల తర్వాత కథ మొదటికొచ్చింది. తొందరపాటు విచారణ వల్ల నష్టపోయేది ఆరోపితుడొక్కడే కాదని అర్థమవుతోంది కదా. అదే తీర్పులో, చట్టం వచ్చి పదేళ్లయినా కమిటీలు సరిగా ఏర్పడలేదని కోర్టు ఆవేదన చెందింది. 2024 డిసెంబర్‌లో మళ్లీ ఆదేశాలివ్వవలసి వచ్చింది.

2017 అక్టోబర్‌లో అమెరికాలో చదువుతున్న దళిత న్యాయశాస్త్ర విద్యార్థి ఒకరు, వేధింపుల ఆరోపణలున్న భారతీయ ఆచార్యుల పేర్ల జాబితాను సామాజిక మాధ్యమంలో పెట్టినప్పుడు, పేరున్న స్త్రీవాదులు కొందరు 'సక్రమ విచారణ' దారిలో వెళ్లమని హితవు చెప్పారు. ఆధారం చెప్పకుండా పేర్లు ప్రకటించడం నాకు సమ్మతం కాదు. కాని ఆ దారిలో వెళ్లి వెనక్కి వచ్చిన అమ్మాయిని చూసినదాన్ని కనుక, ఆ జాబితా వెనుక ఉన్న విసుగును తప్పుపట్టలేను. గదులు వినకపోతే మాటలు వీధిలోకి వస్తాయి. వీధిని తిట్టి ప్రయోజనం లేదు, గదులు బాగుపడాలి.

అందుకు ఏం చేయాలి? మొదటిది, స్థానిక కమిటీకి ఉన్న నియమాన్నే కళాశాలల అంతర్గత కమిటీకీ వర్తింపజేయాలి. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ వర్గాల స్త్రీ ఒక్కరు కాదు, ఇద్దరైనా ఉండాలి. ఒక్కరే ఉంటే ఏమవుతుందో నా సంతకమే చెబుతోంది. రెండోది, కులమూ లింగమూ కలిసిన ఫిర్యాదు వస్తే రెండు విభాగాలూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని, ఒకే విచారణ జరిపి, ఒకే నివేదిక ఇవ్వాలి. మూడోది, ఫిర్యాదుదారు వాంగ్మూలాన్ని ఆమె భాషలో, ఆమె మాటల్లో నమోదు చేసి, ప్రతిని ఆమెకు ఇవ్వాలి. నాలుగోది, పోలీసు ఫిర్యాదు హక్కును, అత్యాచారాల నిరోధక చట్టంతో సహా, మొదటి రోజే రాతపూర్వకంగా తెలియజేయాలి. ఐదోది, విచారణ కాలంలో ఆమె స్కాలర్‌షిప్‌కు, హాజరుకు, హాస్టల్ సీటుకు భంగం రాకుండా ఉత్తర్వు ఇవ్వాలి. వీటిలో మొదటిదానికి తప్ప మిగతావాటికి ఢిల్లీ వైపు చూడనక్కరలేదు. మన రెండు తెలుగు రాష్ట్రాల ఉన్నత విద్యా మండళ్లు, కళాశాల విద్యా శాఖలు ఒక్కొక్క సర్క్యులర్‌తో చేయగల పనులివి. మొదటిది కూడా, నిషేధం ఏమీ లేదు కనుక, యాజమాన్యాలు తలచుకుంటే రేపే చేయవచ్చు.

అబద్ధపు ఫిర్యాదులు పెరుగుతాయన్న భయం ఉన్నవారు చట్టం చదవాలి. దురుద్దేశంతో చేసిన ఫిర్యాదుపై చర్యకు అందులో వీలుంది. రుజువు చేయలేకపోవడం మాత్రం అబద్ధం కిందికి రాదని కూడా అందులోనే ఉంది. సంపూర్ణంగా విన్న విచారణ నిర్దోషికి కూడా రక్షణే.

విద్యా సంవత్సరం మొదట్లో ప్రతి కళాశాల గోడ మీద కమిటీ సభ్యుల పేర్ల బోర్డు ఉంటుంది. ఉండాలి. తల్లిదండ్రులు ఫీజు కట్టడానికి వెళ్లినప్పుడు ఒక్క నిమిషం ఆగి ఆ బోర్డు చదవమని మనవి. ఎవరెవరున్నారో, ఎవరు లేరో చూడండి. ఫోన్ నంబర్ ఉంటే మోగుతుందో లేదో చేసి చూడండి.

ఆ అమ్మాయి ఎక్కడుందో నేను వెతకలేదు. వెతికే హక్కు నాకు లేదనిపించింది. ఆ తర్వాత ప్రతి ఏడూ మొదటి తరగతిలో, పాఠం మొదలుపెట్టకముందు పిల్లలకు ఒక మాట చెబుతూ వచ్చాను. అర్జీ మీకు వచ్చిన భాషలో రాయండి, జరిగింది జరిగినట్టు రాయండి, అన్న మాట అన్నట్టు రాయండి. జిరాక్స్ దగ్గర పెట్టుకోండి, ఇచ్చినట్టు రసీదు తీసుకోండి. దాన్ని రెండుగా రాయమని ఎవరు అడిగినా, అడిగింది నేనే అయినా, రాయకండి.